బయటివాళ్లకు పెట్టినవి

పర్లాకిమిడి మేదర వీధిలో తొమ్మిదో ఇల్లు.
చీటీ తీసింది కంప్యూటరు, నేను కాదు.
తెలుగు మాట్లాడే వీధి కాబట్టి నన్ను పంపారు,
ఇంటికింత అని కూలి, బస్సు ఛార్జీ నాదే.

మొదటిసారి తిండి సంగతులు.
గడిచిన ఏడు రోజుల్లో ఉప్పెంత, పప్పెంత, ఉల్లిపాయలెన్ని?
దాలమ్మ వెదురుబద్ద చీలుస్తూనే ఉంది.
"వారం నెక్క నాకు తెల్దమ్మా.
సంత నుంచి సంతకి సెప్తాను, రాసుకో."

ఉప్పు అటు పాతపట్నంలో కొన్నది.
బియ్యం ఇటు కార్డు మీద వచ్చినవి.
ఉప్పు ఏ రాష్ట్రానిదో ఫారం అడగదు,
రెండూ ఒకే కుండలో ఉడికాయి.
చింతపండు మాత్రం
కొండ మీది సవర గోపన్న రెండు చేటలకి బదులిచ్చాడు.
టాబ్లెట్‌లో వేలితో కిందికి తోసుకుంటూ పోతే
ఎక్కడో అడుగున దానికీ ఒక గడి ఉంది.
"విలువ ఎంతుంటుందమ్మా?"
"సేట విలువా, సింతపండు విలువా?"

నూనె అనగానే పక్కింటి గోడ వైపు చూసింది.
నిన్న ఒక గిన్నెడు తెచ్చిందట. రేపు ఇచ్చేస్తుందట.
ఇలాంటి గిన్నెల గురించి
మాన్యువల్లో ఒక పేరా ఉంది. నేను చదివాను కూడా.

ఆఖరి ప్రశ్న:
ఇంటివాళ్లు కానివాళ్లకి ఈ నెల్లో ఎన్నిసార్లు పెట్టారు?
"ఎవులొస్తారమ్మా మా ఇంటికి?" అని లేచి
బెల్లం టీ కాచింది. పాలు లేవు.
నేను సున్నా కొట్టి తాగాను.

నెల తిరిగాక రెండోసారి.
సబ్బులు, అగ్గిపెట్టెలు, ఫోన్ రీచార్జి, మందులు.
మాత్రలైతే నెలది అడగాలి, ఆసుపత్రైతే ఏడాదిది.
"మా ఆయన బరంపురం ఆసుపత్రిలో పోనాడు.
ఉన్న కాడికి అక్కడే అయిపోనాది."
ఎన్నాళ్లయింది?
వేళ్ల కణుపులు లెక్కపెట్టింది. పదమూడు నెలలు.
ఏడాది దాటితే మాకు అక్కర్లేదు.
ఆ మాట ఎలా చెప్పాలో ట్రైనింగ్‌లో నేర్పలేదు.
"అప్పు ఇంకా కడతన్నాను, అది రాసుకో" అంది.
అప్పు కట్టడం వాడకం కాదు.
చీలుస్తున్న వెదురు చిటచిటమంటోంది.
నేను తల వంచి
దువ్వెనల దగ్గరికి వెళ్లిపోయాను.

ఆ రోజు టీలో పాలు పడ్డాయి.
కొత్త పాకెట్టు,
నా ఎదురుగానే పళ్లతో చింపింది.

మూడోసారి సామాన్లు.
మంచం, ఫ్యాను, సైకిలు, గడియారం,
ఏడాదిలో కొత్తగా కొన్నదేమైనా.
నేదు, నేదు, నేదు అని చెప్పుకుంటూ వచ్చి
ఒక్కచోట ఆగింది.
గోడవారన నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ.
కాళ్లకింకా దుకాణం కాగితం చుట్టే ఉంది.
"ఎప్పుడు కొన్నావు?"
"మొన్న."
"ఎందుకు?"
అది ఫారంలో లేని ప్రశ్న.
"రెండుసార్లూ నేల మీదే కూకున్నావు గదా.
సదూకున్న పిల్లవి."

ఈ ఒక్క ఇల్లు నాలుగు వేల చిల్లర ఇళ్లకి
బదులు చెబుతుందని మాకు చెప్పారు.
రేపు ఏ గదిలోనో ఎవరో దీన్ని హెచ్చవేస్తారు.
నాలుగు వేల పాకెట్లు పళ్లతో చిరుగుతాయి,
నాలుగు వేల గోడల వారన నీలం కుర్చీలు లేస్తాయి,
సరిహద్దు జిల్లాలో ఖర్చు పిసరంత పెరిగిందని
పట్టికలో ఒక చుక్క తర్వాత ఒక అంకె మారుతుంది.
ఆ ఇళ్లన్నిటికీ వచ్చిన చుట్టాన్ని నేనొక్కదాన్నే.

ధర అడిగాను.
"ఏటి, నువ్వు కొంటావేటి?" అని నవ్వింది.
రాయక తప్పదు.
రాసే ముందు కాగితం విప్పి
కాసేపు అందులో కూర్చున్నాను.